కొలిమి, మూస, మాట
(ఉమ్మడి నిఘంటువులో నిర్వహణ మూసలకు పేరు పెట్టుట, వాటిని పోషించుట)

మన ఊరి పేరులోనే కొలిమి ఉన్నది. కొలిమి వేడికి కరగిన లోహమును పోసి దానికొక ఆకారము కల్పించు సాధనమునకు మూస అని పేరు. మూస సరిగా ఉన్ననాడు వంద వస్తువులు ఒక్క తీరున వచ్చును. మూసలో చిన్న పగులున్నచో ఆ పగులు వంద వస్తువులలోను కనబడును. పోత పోయు కంచరికి తరతరాలుగా తెలిసిన ఈ సత్యము నేడు మరొక వృత్తి వారికిని తెలియవలసి వచ్చినది. వారు ఉమ్మడి నిఘంటువును కూర్చువారు.

ఉమ్మడి నిఘంటువు అనగా ఒక పండితుడో, ఒక పరిషత్తో కాక, ఆసక్తి గల వారందరును కలిసి అంతర్జాలములో కూర్చుకొను నిఘంటువు. వికీపీడియా 2001 జనవరిలో పుట్టినది. దాని తోబుట్టువైన విక్షనరీ 2002 డిసెంబరులో ఇంగ్లీషున ఆరంభమైనది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలు కాగా, తరువాత తెలుగు విక్షనరీ కూడ రూపు దిద్దుకొన్నది. నేడు అందులో లక్షకు మించిన పుటలు ఉన్నవి. ఇన్ని పుటలను పోషించుటకు అందులోని వారు వాడుకొను సాధనములలో ముఖ్యమైనది నిర్వహణ మూస. దానికి పేరు పెట్టుట, దానిని పోషించుట అను రెండు పనులను విద్యార్థులకు పరిచయము చేయుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇది యంత్రవిద్యకు సంబంధించిన చిన్న విషయమని తోచవచ్చును. కాని ఒక పేరు సరిగా పెట్టకపోవుటచే ఒక మాట నిఘంటువుకు దూరమగు ప్రమాదమున్నది. మాట దూరమైనచో ఆ మాట ఆడుకొను ఇల్లు కూడ దూరమగును.

1. గుర్తులు పెట్టు సంప్రదాయము

నిఘంటువులో గుర్తు పెట్టుట కొత్త పని కాదు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరమును తెరచి చూడుడు. ప్రతి పదము పక్కన పొడి అక్షరములు కనబడును. పదము దేశ్యమా, సంస్కృతమా, విశేష్యమా, విశేషణమా అను సంగతి ఆ పొడి అక్షరములే చెప్పును. అవి పాఠకునికి దారి చూపు గుర్తులు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణము చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఈ దొర తెలుగు నేర్చి, నిఘంటువులు కూర్చి, మన భాషకు చేసిన సేవ లోకవిదితము. కచేరీలలోను, సంతలలోను తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదముల కొరకు ఆయన 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించినాడు. అనగా నూట డెబ్బది సంవత్సరములకు పూర్వమే హిందూస్తానీ మాటలు తెలుగువాని నోటిలో ఎంతగా నానినవో గుర్తించి, వాటికి ఒక గ్రంథమునే కేటాయించినాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కాంప్‌బెల్ దొర, వేంకటరత్నము గారు, కందుకూరి వీరేశలింగము గారు సంస్కరింపగా 1903లో వచ్చిన ముద్రణలో, హిందూస్తానీ నుండి వచ్చిన మాట పక్కన హెచ్ అను ఒక్క ఇంగ్లీషు అక్షరము ఉండును. సంక్షిప్తతకు ఆ అక్షరము చక్కనిదే. కాని జవాబు, రద్దు, వసూలు అరబ్బీ మూలము గలవి. దరఖాస్తు, దస్తావేజు, రోజు ఫారసీ మూలము గలవి. హిందూస్తానీ ద్వారముననే ఇవి మన ఇంటికి వచ్చినను వీటి పుట్టిళ్ళు వేరు. హెచ్ అను ఒక్క గుర్తు ద్వారమును చూపును గాని పుట్టింటిని చూపదు. గుర్తు ఎంత చెప్పునో, ఎంత చెప్పదో ఎరిగి వాడుకొనుట నిఘంటుకారుని మొదటి పాఠము.

గుర్తు లేకపోయిన ఏమగునో ఇంగ్లీషు వారి అనుభవము చెప్పును. ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువునకు సంపాదకుడైన జేమ్స్ మర్రే 1879లో ప్రజలకు విజ్ఞప్తి చేసి, వారు పంపిన ప్రయోగముల చీటీలను ఒక రేకుల షెడ్డులో గూళ్ళు కట్టి భద్రపరచినాడు. ఆ షెడ్డును స్క్రిప్టోరియం అని పిలిచెడివారు. తొలి సంచిక 1884లోను, కడపటిది 1928లోను వెలువడినవి. ఇంత శ్రద్ధ వహించిన చోట కూడ, దాసి అను అర్థము గల బాండ్‌మెయిడ్ అను మాట తాలూకు చీటీలు ఎక్కడనో తప్పిపోయి, ఆ మాట నిఘంటువున చేరనే లేదు. 1933 నాటి అనుబంధములో గాని దానికి చోటు దొరకలేదు. ఆ మాట తగదని ఎవరును నిర్ణయింపలేదు. చీటీ జారిపోయినది, అంతే. ఆ చోట ఒక మాట కొరవడినదని చెప్పు గుర్తేదియు లేకపోయినది. నేటి నిర్వహణ మూస పుట్టినది ఇట్టి లోటును పూరించుటకే.

2. మూస ఎట్లు పనిచేయును?

విక్షనరీలో మూస అనగా ఒకచోట వ్రాసి ఉంచిన వాక్యము. దాని పేరును జంట వంకర బ్రాకెట్ల నడుమ ఏ పుటలో వ్రాసినను, ఆ వాక్యము ఆ పుటలో ప్రత్యక్షమగును. ఉదాహరణమునకు

{{ఆధారము కావలెను|తేదీ=జులై 2024|కారణము=ముద్రిత ప్రయోగము చూపలేదు}}

అని వ్రాసినచో, పుట పైన ఒక పెట్టె కనబడి, ఈ పదమునకు ఇంకను ఆధారము చూపవలసి ఉన్నదని పాఠకునికి తెలుపును. అంతేకాక ఆ పుటను ఆధారము కావలసిన పుటల వర్గములో తానే చేర్చును. కావున ఒక్క మూస ఇద్దరితో మాటలాడుచున్నది. పాఠకునితో జాగ్రత్త అనుచున్నది. పనిచేయువానితో ఇటు రమ్మనుచున్నది.

మూస పుటలో ఒక్క మాట మార్చినచో, ఆ మూసను పెట్టిన వేయి పుటలలోను ఆ మాట మారును. ఇది సౌకర్యమే గాని ఇందులోనే ప్రమాదమును కలదు. దీనిని ముందు విచారింతము.

తెలుగు విక్షనరీలో పదపుటకు భాషాభాగము, వ్యుత్పత్తి, అర్థ వివరణ, నానార్థాలు, సంబంధిత పదాలు, వ్యతిరేక పదాలు, పద ప్రయోగాలు, అనువాదాలు, మూలాలు అను శీర్షికలు వాడుకలో ఉన్నవి. పెక్కు పుటలలో వీటిలో కొన్ని ఖాళీగా ఉండుట చూతుము. ఖాళీ శీర్షిక తలుపు తెరచిన ఖాళీ గది వంటిది. లోపల ఎవరైనను వచ్చెదరో, ఇల్లే విడిచిపోయినారో చూచువానికి తెలియదు. వ్యుత్పత్తి ఇంకను వ్రాయవలసి ఉన్నదని చెప్పు మూస అచట ఉన్నచో, కొరత కూడ ఒక సమాచారమగును.

మన మండలములోని బెలుం గుహలను చూడని విద్యార్థి ఉండడు. కొలిచిన గుహ పొడవు మూడు వేల రెండు వందల మీటర్లకు పైగా ఉన్నను, సందర్శకులకు దీపములు పెట్టి దారి తీర్చినది అందులో సగము లోపే. దీపములు ఆగిన చోట ఇంతవరకే దారి అని బోర్డు ఉండవలెను. ఆ బోర్డు గుహను నిందించుటలేదు. దారి ఇంకను తీర్చలేదని నిజము చెప్పుచున్నది. నిర్వహణ మూస అట్టి బోర్డు.

3. ఒక చీటీ కథ

పేరు ఎందుకు ముఖ్యమో నాకు పుస్తకములు నేర్పలేదు. తరగతి గది నేర్పినది. అందులో తప్పు నాదే కావున దానిని దాచక చెప్పెదను.

ఒకమారు మా డిగ్రీ విద్యార్థులను, పాఠ్యపుస్తకములలో కనబడని ఇంటి మాటలు తలకు అయిదు చొప్పున అట్టముక్కలపై వ్రాసి తెమ్మన్నాను. ఉమ్మడి నిఘంటువు పనిని కాగితముపై అభ్యసించుట ఉద్దేశము. ఒక జట్టు తెచ్చిన మాటలను మరొక జట్టు పరీక్షించి, సందేహమున్న చోట చిన్న చీటీ అంటింపవలెను. ఆ చీటీకి నేను పెట్టిన పేరు ‘చూడవలెను’.

ఒక విద్యార్థిని బేల్దారి అను మాట తెచ్చినది. ఇల్లు కట్టు పనివాడని అర్థము వ్రాసినది. కోస్తా వారు తాపీమేస్త్రీ అనువానిని మన సీమలో బేల్దారి అందురు. మొదటి జట్టులో ఒకడు, ఇది ఉర్దూ మాట కదా, వ్యుత్పత్తి సరిచూచిన బాగుండునని తలచి ‘చూడవలెను’ అను చీటీ అంటించినాడు. తరువాతి జట్టు ఆ చీటీని చూచి, ఇది అనుమానపు మాట కాబోలునని తీసి పక్కన పెట్టినది. మూడవ జట్టు పక్కన పెట్టినవన్నియు కొట్టివేసినవే అనుకొన్నది. గోడపై పట్టిక అతికించిన నాడు బేల్దారి అందులో లేదు.

ఆ అమ్మాయి పట్టికను రెండుసార్లు చదివి నా వద్దకు వచ్చి, “సార్, మా నాయన చేసే పని తెలుగులో లేదా?” అని అడిగినది.

నేను సమాధానము చెప్పలేకపోతిని. ఏ జట్టును దురుద్దేశముతో ప్రవర్తింపలేదు. ఒకడు వ్యుత్పత్తి చూడుమన్నాడు. రెండవవాడు పదమును శంకించినాడు. మూడవవాడు తొలగించినాడు. ముగ్గురి చేతిలోను ఉన్న చీటీ ఒక్కటే. చీటీ పేరులో ఏమి చూడవలెనో, ఎవరు చూడవలెనో, చూచిన పిమ్మట ఏమి చేయవలెనో లేదు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అన్నట్లు, పేరు మర్యాదగానే ఉన్నది. పని మాత్రము చెడినది.

తరువాత ఆ మాటను తరగతిలో అందరము కలిసి విచారించితిమి. ఫారసీలో బేల్ అనగా పార. దార్ అనగా కలిగినవాడు. బేల్‌దార్ అనగా పార పట్టి మట్టిపని చేయువాడు. మన సీమకు వచ్చునప్పటికి పార పోయి తాపీ వచ్చినది. మట్టి త్రవ్వువాడు గోడ కట్టువాడైనాడు. పైగా జమీందారు, హవల్దారు మొదలగు మాటలు తెలుగులో ఉకారాంతములు కాగా, ఇది ఇకారాంతమైనది. ఉర్దూలో దుకాణ్‌దార్ అనిన అంగడివాడు, దుకాణ్‌దారీ అనిన అంగడి వ్యాపారము. ఆ లెక్కన బేల్‌దారీ పనికి పేరు. మన వాడుకలో బేల్దారి పని అనియు అందురు, ఆ పని చేయు మనిషిని కూడ బేల్దారి అందురు. ఇంత చరిత్ర గల మాట ఒక చీటీ పేరు వలన చెత్తబుట్ట అంచుదాక పోయినది.

4. పేరు పెట్టుటకు అయిదు నియమములు

ఈ అనుభవము నుండియు, విక్షనరీల ఆచారము నుండియు కొన్ని నియమములను ఏర్పరుపవచ్చును.

మొదటిది: పేరు కొరతను చెప్పవలెను గాని తీర్పును చెప్పరాదు. ‘తప్పు పదము’ అను మూస విచారణకు ముందే శిక్ష విధించును. ‘ఆధారము కావలెను’ అను మూస పని చెప్పును. ఇంగ్లీషు విక్షనరీలో ఈ భేదమును స్పష్టముగా పాటింతురు. మాట వాడుకలో ఉన్నదా అని అడుగు మూస వేరు. ఆ పుట నిఘంటువులో ఉండదగినదా అని అడుగు మూస వేరు. మొదటిది సాక్ష్యముతో తేలును. విస్తారముగా గ్రంథస్థమైన భాషలలో, మాట అందరు ఎరిగిన వాడుక కానిచో, శాశ్వతముగా నిలుచు ముద్రణాదులలో ఒక సంవత్సరమునకు తగ్గని కాలవ్యవధిలో మూడు స్వతంత్ర ప్రయోగములు చూపవలెనని వారి నియమము. గ్రంథములు కొద్దిగా ఉన్న భాషలకు ఒక్క ప్రయోగమైనను చాలును. రెండవది చర్చతో తేలును. సాక్ష్యము అడుగవలసిన చోట తొలగింపు మూస పెట్టినచో, సాక్షిని పిలువక ముందే తీర్పు చదివినట్లగును.

రెండవది: ఒక మూసకు ఒకే పని ఉండవలెను. వ్యుత్పత్తిపై సందేహము, అర్థముపై సందేహము, పదము ఉనికిపై సందేహము మూడును వేరు. ఇంగ్లీషు విక్షనరీలో పూర్తి పుటకు ఒక మూస, ఒక్క అర్థమునకు ఒక మూస, వ్యుత్పత్తికి మరొక మూస విడివిడిగా ఉన్నవి. వ్యుత్పత్తి చర్చలు జరుగు పుటకు మర్రే గారి షెడ్డును తలపించు స్క్రిప్టోరియం అను పేరే పెట్టుకొన్నారు. బేల్దారి అనగా పనివాడను అర్థము నిస్సందేహమై, పని అను అర్థముపై సందేహమున్నచో, మూసను ఆ రెండవ అర్థము పక్కననే పెట్టవలెను. ఒక కిటికీ విరిగినదని ఇల్లంతటికి తాళము వేయరాదు.

మూడవది: పేరు పనిచేయువాని నోటికి రావలెను. ఇంగ్లీషులో ఆర్ఎఫ్‌వి, ఆర్ఎఫ్‌డి అను పొడి అక్షరముల పేర్లు ఆ భాష వారికి అలవాటైనవి. వాటిని ఉన్నవున్నట్లు తెలుగు లిపిలోనికి దించినచో కొత్తవానికి మంత్రాక్షరములవలె తోచును. తెలుగు వికీలలో మూస, వర్గం, దారిమార్పు, మొలక, రచ్చబండ అను చక్కని పేర్లు స్థిరపడినవి. మొలక అనగానే ఇది ఇంకను పెరుగవలసిన చిన్న వ్యాసమని పల్లెటూరి పిల్లవానికి కూడ తెలియును. నిర్వహణ మూసల పేర్లకు అదే ఒరవడి. అయితే ఇంగ్లీషు పేర్లకు అలవాటు పడినవారి కొరకు ఆ పేర్ల నుండి దారిమార్పు ఉంచుట మర్యాద.

నాలుగవది: వర్ణక్రమము ఒక్కటిగా ఉండవలెను. మన భాషలో ఇది కఠినమైన నియమము. అర్థము అనిన భావము. అర్ధము అనిన సగము. ఒత్తు మారినచో మూస దొరకదు. అర్థము, అర్థం అను రెండు రూపములలో ఏదో ఒకటి నిర్ణయించుకొనవలెను. ‘అర్థము కావలెను’ అను పేరులో మరొక చిక్కు. అర్థము వ్రాయవలసి ఉన్నదనియు, చదువువారికి బోధపడవలెననియు రెండు విధముల అన్వయించును. ‘అర్థ వివరణ లేదు’ అన్నచో సందేహముండదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు కంటికి కనబడని అక్షరము. కంప్యూటరులో పొల్లు హల్లును తరువాతి అక్షరముతో కలియకుండ నిలుపుటకు ఒక శూన్యాక్షరమును వాడుదురు. బేల్దారి అని వత్తుగా వ్రాసినను, బేల్‌దారి అని పొల్లుగా వ్రాసినను మనకు మాట ఒక్కటే. యంత్రమునకు అవి రెండు పుటలు. ఇచట తేడా కంటికైనను కనబడుచున్నది. బ్రౌన్ అను మాటవలె పొల్లుతో ముగియు పేరు చివర ఆ శూన్యాక్షరము చేరినచో తేడా కంటికి కూడ ఆనదు. కొన్ని టైపు పద్ధతులు దానిని మనకు తెలియకుండనే చేర్చును. అప్పుడు పేరు సరిగా వ్రాసినను మూస లేదని యంత్రము ఎర్ర అక్షరములతో చెప్పును. కావున మూసల పేర్లు పొల్లుతో ముగియకుండ చూచుకొనుట మేలు. కావలెను, లేదు, చేయవలెను అని అజంతముగా ముగియు పేర్లు తెలుగు స్వభావమునకును తగినవి, యంత్రమునకును క్షేమము.

అయిదవది: మూస పేరును, అది చేర్చు వర్గము పేరును ఒకదానినొకటి పోలి ఉండవలెను. వర్గము పేరు సందిగ్ధముగా ఉండరాదు. ‘ఉర్దూ పదాలు’ అను వర్గమున్నదనుకొందము. అది ఉర్దూ భాషా పదముల పట్టికయా, ఉర్దూ నుండి తెలుగులో కలిసిన పదముల పట్టికయా? బేల్దారిని మొదటి దానిలో చేర్చినచో అది పరభాషా పదమగును. ‘ఉర్దూ ద్వారా వచ్చిన తెలుగు పదాలు’ అన్న వర్గములో చేర్చినచో అది మన మాటయై, తన రాకపోకల చరిత్రను కూడ చెప్పుకొనును. రెండు భాషల కళాశాలలో చదువుకొను మనకు ఈ భేదము వ్యాకరణ చర్చ మాత్రమే కాదు. ఇంటిలో దక్కనీయు, వీధిలో తెలుగును మాటలాడు పిల్లవాడు అతిథియా, ఇంటివాడా అను ప్రశ్నకు నిఘంటువు ఇచ్చు సమాధానము అందులో ఉన్నది.

5. పోషణ

పేరు పెట్టుట ఒక్కనాటి పని. పోషణ నిత్యకృత్యము.

మూసను పెట్టువాడు తేదీయు, కారణమును వ్రాయవలెను. తేదీ లేని మూస వయస్సు తెలియని బాకీ వంటిది. కారణము లేని మూసను తీర్చుట ఎవరి తరము కాదు. ప్రతి మూసకును ఒక వివరణ పుట ఉండవలెను. ఎప్పుడు వాడవలెను, ఎప్పుడు వాడరాదు, ఎవరు తీయవచ్చును అను మూడు ప్రశ్నలకు అందులో సమాధానము ఉన్నచో చాలును.

మూసను తీయుట పెట్టుటకంటె ముఖ్యము. ఆధారము చూపిన పిమ్మట కూడ ‘ఆధారము కావలెను’ అను పెట్టె నిలిచియుండుట అబద్ధమాడుటయే. ‘నాన్నా, పులి’ కథ అందరికిని తెలిసినదే. అక్కరలేని పుటలలో మూసలు మిగిలిపోయినచో, అక్కరగల పుటలోని మూసను కూడ ఎవరును లెక్కచేయరు. కొరత తీర్చినవాడే మూసను తీసి, ఏ ఆధారముతో తీసినాడో చర్చా పుటలో ఒక వాక్యము వ్రాయుట మంచి ఆచారము.

మూస పేరు మార్చవలసి వచ్చినచో పాత పేరు నుండి దారిమార్పు విడువవలెను. లేనిచో పాత పేరుతో ఉన్న పుటలన్నిటిలోను మూస మాయమై, ఎర్ర అక్షరములు మిగులును. పనికిరాని మూసను తొలగించుటకు ముందు, దానిని వాడుచున్న పుటల జాబితాను తెప్పించుకొని చూడవలెను. విక్షనరీలో ప్రతి పుటకును ఇట్టి జాబితా చూపు సదుపాయము కలదు. తొలగించు అధికారము నిర్వాహకులకే ఉన్నను, జాబితాను చూచుట ఎవరైనను చేయవచ్చును.

ఇక ముందు చెప్పిన ప్రమాదము. మూసలోని వాక్యమును మార్చువాడు తాను ఒక్క వాక్యమునే మార్చుచున్నాననుకొనును. నిజమునకు అంతకు ముందు ఆ మూసను పెట్టిన వారందరి మాటను మార్చుచున్నాడు. ‘వ్యుత్పత్తి సరిచూడవలెను’ అని వందమంది పెట్టిన మూసలో ఒకడు ‘ఈ పదము సందేహాస్పదము’ అని దిద్దినచో, ఆ వందమందియు అననిమాట అన్నట్లగును. దస్తావేజుపై పదిమంది సంతకములు చేసిన పిమ్మట పై వాక్యమును దిద్దుట ఎట్టిదో ఇదియు అట్టిదే. అచ్చుతప్పు దిద్దవచ్చును, రంగు మార్చవచ్చును. భావము మార్చవలసినచో కొత్త మూసను కొత్త పేరుతో చేయవలెను. నలుగురిని అడుగక పాతదానిని ముట్టరాదు. ఇట్టి చర్చకే తెలుగు వికీలలో రచ్చబండ ఏర్పడినది.

పై నియమములను అనుసరించి మా తరగతిలో ‘చూడవలెను’ అను చీటీని రద్దుచేసి, దాని స్థానమున నాలుగు చీటీలు ఏర్పరచుకొంటిమి. ‘ఆధారము కావలెను’: మాట వాడుకకు సాక్ష్యము చూపుటకు. ‘అర్థ వివరణ లేదు’: అర్థము వ్రాయుటకు. ‘వ్యుత్పత్తి సరిచూడవలెను’: పుట్టింటిని విచారించుటకు. ‘తొలగింపు చర్చించవలెను’: కడపటిది, మిగిలిన మూడును విఫలమైన పిమ్మట మాత్రమే, తరగతి యెదుట చర్చించి వాడుటకు. ప్రతి చీటీపై తేదీ, కారణము, అంటించినవారి పేరు ఉండును. తీసినవారు వెనుక వైపు సంతకము చేయుదురు. రెండవమారు అదే అభ్యాసము చేసినప్పుడు బేల్దారిపై ‘వ్యుత్పత్తి సరిచూడవలెను’ అను చీటీ వచ్చినది. దానిని తీసి, వెనుక సంతకము చేసినది ఆ అమ్మాయియే.

6. ఒక మనవి

తెలుగు విక్షనరీలోని ఇంగ్లీషు పదముల పుటలలో పెక్కింటికి బ్రౌన్ నిఘంటువు ఆధారము. ఒక పరదేశి కూడబెట్టిన ధనము అది. మన ఇరుగుపొరుగు మాటలను కూడబెట్టుటకు మరొక పరదేశి రావలసిన పని లేదు. నాపరాతి గనులలో పనిచేయువారి మాటలు, దక్కనీ ఇండ్లలోని వంటింటి మాటలు, సంతలోని బేరపు మాటలు మన విద్యార్థుల నాలుకపైననే ఉన్నవి. వాటిలో కొన్ని ఏ గ్రంథమునకును ఎక్కినవి కావు. ఆ మాటలాడు పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోవుచున్నారు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి చిన్నది. గ్రంథాలయమున వారమునకు ఒక గంట, ఒక కంప్యూటరు, ఒక పదసేకరణ పుస్తకము ఏర్పరుపవలెను. తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు జతలుగా కూర్చుండి, ఇంటి మాటను మొదట పుస్తకమున ఎక్కించి, సరియైన చీటీ పెట్టి, ఆధారము దొరకిన పిమ్మట ఉమ్మడి నిఘంటువున చేర్తురు. ఉర్దూ విద్యార్థి పుట్టింటిని చెప్పును. తెలుగు విద్యార్థి మెట్టినింటిని చెప్పును. ఒకరికి తెలియనిది మరొకరు పూరింతురు.

విద్యార్థి మిత్రులారా! సందేహము కలిగినప్పుడు మాటను కొట్టివేయకుడు. ఏ సందేహమో పేరు పెట్టి వ్రాయుడు. పేరు పెట్టిన సందేహము నేడు కాకున్న రేపు తీరును. పేరు లేని సందేహము మాటను మింగివేయును.